దుమ్మప్ప

దుమ్మప్ప పోయాడని నా పాత స్టూడెంటు రెడ్డెమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ప్రింటరును తిడుతున్నాను. అరగంట నుంచి ఒక్క కాగితం బయటికి రాలేదు. ఆ కోపంలోనే ఫోనెత్తి, "ఏమ్మా, ఏం కొంపలు మునిగినాయి?" అన్నాను. నా నోరు అంతే, ఏం చేసేది!  "మేడం, దుమ్మప్ప లేడు మేడం. పుంగనూరులో తెల్లారి పోయినాడంట. నిద్దట్లోనే" అంది. నేను ప్రింటరు స్విచ్చి ఆపేశాను.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అది నేనిక్కడ రాయను. బతికుండగా ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసేవాడు. మదనపల్లె నుంచి కుప్పం దాకా కంప్యూటరున్న ప్రతిచోటా ఆయన దుమ్మప్పే. ఏ కంప్యూటరు ఏ రోగంతో పడుకున్నా, బాగుచేసి లేచి చేతులు దులుపుకుంటూ ఆయన చెప్పే కారణం ఒక్కటే. "దుమ్ము." అంతకు మించి ఒక్క మాట రాదు. "ఈయప్పకు దుమ్ము తప్ప ఇంకో జబ్బు తెల్దు" అని షాపులవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటూనే మళ్ళీ ఆయన్నే పిలిచేవాళ్ళు, ఎందుకంటే ఆయన చేయిపెట్టిన మిషను మళ్ళీ అదే జబ్బుతో పడుకునేది కాదు.

నేను మొదట ఆయన్ని చూసింది మదనపల్లెలో, తొంభైల నడుమ. డిగ్రీ అయిపోయి ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుండేదాన్ని. ఆయన అప్పటికే యాభై దాటిన మనిషి. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన నీలం చొక్కా, భుజాన గుడ్డసంచి. ఆ సంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, గడ్డం గీసుకునే బ్రష్షు ఒకటి, స్పిరిట్ సీసా, దూది, బ్రౌన్ అట్ట వేసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అంతకు ముందు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడట. కంప్యూటర్లు వచ్చాక ఆ పుస్తకం సంపాదించి, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు.

గది గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికొచ్చి, కిటికీ ఇనుప చువ్వను ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, అప్పుడుగానీ మిషను డబ్బా తెరిచేవాడు కాదు. ఒంట్లో ఉండే కరెంటు దిగిపోవడానికి అలా చేయాలని ఆ పుస్తకంలో ఉందట. మా సెంటరు ఊడ్చే ఆయమ్మకు ఇదేం తెలుస్తుంది? ఆయనేదో కిటికీకి మొక్కుతున్నాడనుకుని, ఆయన పోగానే తానూ వెళ్ళి ఆ చువ్వకు దండం పెట్టుకుని వచ్చేది. ఆయనకు ఆ సంగతి తెలిసి కూడా కాదని చెప్పలేదు.

ఆయన పనితీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మిషను ఆగిపోయి మనం కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటామా, ఆయన వచ్చి దాని వైపు కన్నెత్తి కూడా చూడడు. మూలన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. "రోజూ ఏం చేస్తారో అదే చేయండి. నేను లేననుకోండి" అంటాడు. తలుపు తాళం తీసే దగ్గర్నుంచి మొదలుపెట్టిస్తాడు. ఒకసారి అప్పుడే ఊడ్చిన గదిని ఆయమ్మ చేత మళ్ళీ ఊడిపించాడు. మొదట్లో అందరూ సిగ్గుపడతారు. అరగంటకల్లా నిజంగానే ఆయన్ని మరిచిపోయి మామూలుగా తిరుగుతారు. ఆయనకు కావలసింది అదే.

మదనపల్లె సెంటర్లో ఒక మిషను రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆగిపోయేది. పొద్దున బాగుంటుంది, సాయంత్రం బాగుంటుంది, మూడింటికి మాత్రం మూర్ఛ. దుమ్మప్ప వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. భోజనాలయ్యాయి. మా వాచ్‌మన్ తాత కొళాయి దగ్గర మొహం కడుక్కుని, తుడుచుకున్న తడి తువ్వాలు తెచ్చి సరిగ్గా ఆ మిషను వెనక, వేడిగాలి బయటికొచ్చే చోట ఆరేశాడు. తొందరగా ఆరుతుందని పాపం ఆయన తెలివి. గాలి బయటికి పోయే దారి లేక లోపల కాగిపోయి, మూడింటికల్లా మిషను గుడ్లు తేలేసింది. నేనూ చూశాను, దుమ్మప్పా చూశాడు. ఆయన మెల్లగా లేచి, తువ్వాలు తీసి కిటికీ మీద వేసి, డబ్బా విప్పి, ఊరికే బ్రష్షుతో నాలుగుసార్లు అటూ ఇటూ అని, మా యజమానితో "దుమ్ము" అన్నాడు.

నాకు ఆగుతుందా? ఆయన మెట్లు దిగుతుంటే వెంటపడ్డాను. "అప్పా, దుమ్ము కాదు గదా! తువ్వాలు గదా! నా కండ్లతో చూసినాను. యాల అబద్ధం చెప్పినారు?"

"చెప్తే ఏమొస్తాది తల్లీ?" అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "మిషను బాగైంది. ఆయప్ప గూడా బాగుండల్ల గదా."

"రేపు మళ్ళీ ఆడే ఆరేస్తే?"

"ఆరేయడు. కిటికీకి ఎండ బాగా తగల్తాది. రేపట్నుంచి తువ్వాలు దానికదే ఆడికి పోతాది, సూడు."

ఆయన చెప్పినట్టే అయింది, కానీ నాకు నచ్చలేదు. తప్పు చేసినవాళ్ళకు మొహం మీద చెప్పాలి, లేకపోతే వాళ్ళెప్పుడు నేర్చుకుంటారు అని నా వాదన. నాలుగు వారాలు ఆయనతో ముభావంగానే ఉన్నాను. ఆయన అదేమీ పట్టించుకోకుండా వచ్చినప్పుడల్లా "బాగుండావా తల్లీ" అనేవాడు.

తర్వాత నాకు పెళ్ళయి కుప్పం వచ్చాను. స్టేషన్ రోడ్డులో ఒక మేడమీద హాలు తీసుకుని, ఆరు పాత కంప్యూటర్లతో ఆడవాళ్ళకని సెంటరు పెట్టాను. కంప్యూటరు నేర్చుకోవడానికి ఎవరొస్తారే అని మా వాళ్ళంతా ఎగతాళి చేశారు. పదకొండు మంది వచ్చారు! అందులో రెడ్డెమ్మ ఒకతి. ముప్పై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లలు, శాంతిపురం అవతల పల్లె. పొద్దున్నే సంగటి కెలికి పెట్టి, ఆవులకు మేత వేసి, బస్సెక్కి వచ్చేది. వాళ్ళ ఊరి పాలకేంద్రానికి కంప్యూటరు రాబోతోంది. పరీక్ష పాసై సర్టిఫికెట్ తెస్తే ఆ పని నీకేనని కేంద్రం వాళ్ళు మాటిచ్చారు. పేడచేతుల్లోంచి వచ్చిన మనిషి ఆరు నెలల్లో కీబోర్డు చూడకుండా టైపు కొట్టే దాకా వచ్చింది.

వచ్చిన చిక్కల్లా పరీక్ష దగ్గరే. అది చిత్తూరులో రెండు రోజులు జరుగుతుంది, అక్కడే బస ఉండాలి. పదకొండు ఇళ్ళల్లో తొమ్మిది ఇళ్ళు ససేమిరా అన్నాయి. రెడ్డెమ్మ అత్త నా దగ్గరికే వచ్చి చెప్పింది. "కుప్పంలో అయితే రాయనీ మేడం. సాయంత్రం బస్సుకు ఇంట్లో ఉండల్ల. చిత్తూరు గిత్తూరు అంటే మాత్రం నేను ఒప్పుకోను." అందుకని నేను పరీక్షలవాళ్ళకు అర్జీల మీద అర్జీలు పెట్టి, మా హాల్లోనే పరీక్ష జరపమని వాళ్ళ ప్రాణం తీశాను. చివరికి సరే, మిషన్లు చూసి చెబుతామన్నారు. మిషన్లు బాగుంటే పరీక్ష కుప్పంలో. లేకపోతే తొమ్మిది మంది ఆడవాళ్ళ చదువు అక్కడితో ఆఖరు.

సరిగ్గా అప్పుడే, దసరా సెలవులు అయ్యి తలుపు తీశానో లేదో, ఆరు మిషన్లకూ నిద్రజబ్బు పట్టుకుంది. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తెర నల్లబడి మిషను నిద్రపోయేది. నిద్రపోతే పోనీ, లేపితే లేవాలి కదా! మీటలన్నీ కొట్టినా, మౌసు ఊపినా ఉలుకూ పలుకూ లేదు. స్విచ్చి ఆపి మళ్ళీ వేయాల్సిందే. అప్పటిదాకా టైపు చేసిందంతా గోవిందా. పరీక్షలో మొదటి పావుగంట ప్రశ్నపత్రం చదువుకోవాలి, మిషను ముట్టుకోకూడదని నియమం. అంటే ఒక్కరు కూడా ఒక్క అక్షరం కొట్టకముందే ఆరు మిషన్లూ గుర్రుపెడతాయన్నమాట.

నిద్ర వద్దని దానికి చెప్పే చోటు ఒకటుంది. మిషను లేచేటప్పుడు ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుంది. అందులో పవర్ సెట్టింగుల్లోకి పోయి, నిద్ర వద్దు అని పెట్టి, సేవ్ చేసి బయటికి రావాలి. పెట్టేదాన్ని. ఆ రోజంతా బుద్ధిగా ఉండేవి. సాయంత్రం మెయిన్ స్విచ్చి ఆపి, పొద్దున వేస్తే మళ్ళీ మొదటికే! తేదీ కూడా ఎప్పటి కాలానికో వెళ్ళిపోయేది. సరే, రోజూ పొద్దున్నే పెట్టుకుంటే పోలా అనుకుని, ఆరు నీలం తెరల ముందు ఆరుసార్లు కూర్చుని పెట్టడం మొదలుపెట్టాను. పరీక్ష రోజు కూడా అలాగే గడిపేద్దామని నా ధీమా.

మిషన్లు చూడ్డానికి చిత్తూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పొద్దున్నే అన్నీ పెట్టి తయారుగా ఉన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టాడో లేదో, కరెంటు పోయింది. కుప్పంలో కరెంటు సంగతి మీకు చెప్పేదేముంది. పది నిమిషాలకు వచ్చింది. ఆయన ఎదురుగా మళ్ళీ నీలం తెరలు తెరిస్తే ఏమనుకుంటాడోనని, దేవుడి మీద భారం వేసి ఊరుకున్నాను. దేవుడు దయ చూపలేదు. ఒకదాని తర్వాత ఒకటి ఆరు తెరలూ నల్లబడ్డాయి.

"ఇదేందమ్మా, పరీక్ష రాసేవాళ్ళ కంటే ముందు మిషన్లే పడుకుంటాండాయి?" అన్నాడాయన.

"సెట్టింగు పెట్టినాం సార్. కరెంటు పోయి వస్తే నిలబడలేదు."

"నిలబడని సెట్టింగుతో నేనేం చేసేదమ్మా? పరీక్ష నడుమ కరెంటు పోదని నువ్వు రాసిస్తావా?" అని గడియారం కట్టుకున్నాడు. "వచ్చే శుక్రవారం ఇంకొకసారి వస్తాను. అప్పుడు గూడా ఇట్లే ఉంటే పరీక్ష చిత్తూరులోనే."

గోడవారన నిలబడిన రెడ్డెమ్మ మొహం చూడలేకపోయాను. చూడలేక, ఆ కోపమంతా ఊరిమీద తీర్చుకున్నాను. కరెంటు ఆఫీసుకు పోయి పోట్లాడాను. మిషన్లు అమ్మినవాడికి ఫోన్ చేసి దులిపేశాను. మీరే ఏదో మీట నొక్కి చెడగొట్టారని నా పదకొండు మందినీ నిలబెట్టి తిట్టాను. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. దుమ్మప్పను పిలవాలని మాత్రం అనిపించలేదు. ఇది పెద్ద జబ్బు, దుమ్ముతో పోయేది కాదనుకున్నాను. బెంగళూరు నుంచి టై కట్టుకున్న ఒకాయన్ని పిలిపించాను. అతను ఆరు మిషన్లలో చిన్న బ్యాటరీలు పీకి, గబగబా కొత్తవి నొక్కి, మెయిన్ ఆపి వేసి చూశాడు. అదే కథ. "బోర్డులే పోయినాయి మేడం. ఆరూ మార్చాల" అని రైలెక్కి వెళ్ళిపోయాడు. ఆరు బోర్డులు శుక్రవారంలోగా ఎక్కడ్నుంచి తెచ్చేది! ఆ సాయంత్రం రెడ్డెమ్మ భయం భయంగా, "మేడం, దుమ్మప్పను పిలిస్తే?" అంది. ఇంకేం మిగిలింది గనక, పుంగనూరులో ఆయన ఇంటి పక్క బూత్‌కు ఫోన్ చేశాను.

బుధవారం పొద్దున ఆయన పలమనేరు మీదుగా రెండు బస్సులు మారి వచ్చాడు. చెప్పులు విడిచాడు. స్టూలు అడిగాడు. "రోజూ చేసినట్టే చేయండి. నేను లేననుకోండి" అన్నాడు. శుక్రవారం ఇంకా రెండు రోజుల్లో ఉందప్పా అని నేను మొత్తుకున్నాను. వినలేదు. మాతో తాళం వేయించి మళ్ళీ తీయించాడు, మెయిన్ వేయించాడు, ఆరు నీలం తెరల్లో ఆరుసార్లు పెట్టించాడు, ఆపించాడు, వేయించాడు. మధ్యాహ్నం దాకా అలా చూసి, గడ్డం గోక్కుని అన్నాడు.

"తల్లీ, కరెంటు లేనప్పుడు మిషనుకు అన్నీ గుర్తుచేసేది లోపలుండే బిళ్ళ బ్యాటరీ. టైమెంత, నిద్రపోవాల్నా వద్దా, అంతా ఆ బిళ్ళ బలంతోనే. కొత్త బిళ్ళ వేసినా మరిచిపోతాందంటే బిళ్ళకూ మిషనుకూ నడుమ ఏందో అడ్డం ఉండాది. ఆరు మిషన్లకు ఒకేసారి ఒకే జబ్బు వచ్చిందంటే అది మిషన్ల జబ్బు గాదు. మనుషుల జబ్బు."

"ఎవరప్పా ఆ మనిషి? చెప్పండి, నేను చూసుకుంటా!" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, "కాఫీ తాగల్లని ఉండాది తల్లీ. మీ ఇంటి కాఫీ" అన్నాడు. పని కాకముందు మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి! వయసు పైబడుతోంది పాపం అనుకుని, పక్క వీధిలోని మా ఇంటికి పోయి, డికాషన్ దిగేదాకా ఆగి, ఫ్లాస్కులో పోసుకుని తెచ్చాను.

నేను వచ్చేసరికి మొదటి మిషను డబ్బా విప్పి ఉంది. బిళ్ళను గోటితో పైకి లేపి, అది కూర్చునే గుంటలోకి చూస్తున్నాడు. నేను ఆయన భుజం మీదుగా తొంగిచూశాను. అడుగున, బిళ్ళకు తగలాల్సిన రేకు మీద, పచ్చగా పెచ్చు కట్టి ఉంది. మధ్యలో ఎర్రగా ఒక చుక్క. పసుపు. కుంకుమ.

 ఆయుధపూజ! కుప్పంలో ఆ రోజు గ్రానైట్ లారీ నుంచి కుట్టుమిషను దాకా అన్నింటికీ బొట్టు పెడతారు. డబ్బా మీద ఒక బొట్టు పెట్టి ఊరుకుంటే పోయేది కదా? ఊరుకుంటానా! నేను సైన్సు చదివినదాన్ని. బయటి రేకుడబ్బాకు పూజేమిటి, ప్రాణం లోపలుంటుంది అని పదకొండు మందినీ చుట్టూ నిలబెట్టి, ఆరు డబ్బాలూ విప్పి, "ఇదిగో, ఇదే దీని గుండెకాయ" అని బిళ్ళల్ని బయటికి తీసి పాఠం చెప్పి, పన్నీటితో కలిపిన పసుపు రెండువైపులా పూసి, కుంకుమ పెట్టి, మళ్ళీ లోపల నొక్కింది నేనే. నా ఈ చేతులతోనే. తడి పసుపు ఆరి గట్టిపడింది. బెంగళూరాయన చూశాడో లేదో, చూసినా తుప్పనుకున్నాడేమో. కరెంటువాళ్ళను తిట్టాను, అమ్మినవాణ్ణి తిట్టాను, నోరెత్తని ఆడవాళ్ళను నిలబెట్టి తిట్టాను. దొంగ నేనే!

దుమ్మప్ప తలెత్తి నన్ను చూశాడు. నవ్వలేదు. బొటనవేలు తెచ్చి ఆ గుంట మీద అడ్డం పెట్టాడు.

వెనక నుంచి రెడ్డెమ్మ అడిగింది. "ఏముందప్పా లోపల?"

"దుమ్మమ్మా" అన్నాడు దుమ్మప్ప. "ఒట్టి దుమ్ము."

ఆరు మిషన్ల గుంటలూ అగ్గిపుల్లతో గీకి, స్పిరిట్ దూదితో తళతళలాడేలా తుడిచాడు. బిళ్ళలు పెట్టి, నీలం తెరలో ఒక్కసారి పెట్టించి, సేవ్ చేయించి, మెయిన్ ఆపాడు. అప్పుడు తాగాడు కాఫీ, నింపాదిగా, బిస్కెట్లు ముంచుకుంటూ. తర్వాత మెయిన్ వేయమన్నాడు. నేను ఒక్కో తెర దగ్గరికీ పోయి చూశాను. తేదీ సరిగ్గా ఉంది. సెట్టింగు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆరింటిలోనూ! సాయంత్రం బస్సెక్కించడానికి వెళ్ళి, "అప్పా, అది దుమ్ము గాదు, నేనే..." అని మొదలుపెట్టాను. "దుమ్ము యాడ్నుంచి వస్తాదో ఎవరికి తెలుసు తల్లీ" అని కిటికీ సీటు చూసుకుని కూర్చున్నాడు.

శుక్రవారం దుమ్మప్ప మళ్ళీ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. లోపలికి మాత్రం రానన్నాడు. "నేను కనపడితే మిషన్లు ఇంకా బాగలేవనుకుంటాడు ఆ సారు" అని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పెద్దాయన వచ్చాడు, గడియారం బల్లమీద పెట్టాడు. ఆ రోజు చచ్చినా కరెంటు పోదే! పోతేగదా మా సత్తా తెలిసేది. ఎప్పుడూ కరెంటు పోయిందని తిట్టే నేను, ఎప్పుడు పోతుందా అని ఫ్యాను వైపు చూస్తున్నాను. చివరికి ఓపిక పట్టలేక, "మీరే మెయిన్ ఆపండి సార్" అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, తానే లేచి మెయిన్ కిందికి లాగాడు. ఐదు నిమిషాలాగి వేశాడు.

ఆరు తెరలు లేచాయి. ఒక్కో తెర మీదా ఒక పేరా కొట్టించి, అందరం గోడకానుకుని చేతులు కట్టుకున్నాం. ఎవరూ ముట్టుకోకూడదు. ఐదు నిమిషాలు. ఎనిమిది. పది నిమిషాలకు రెడ్డెమ్మ నా చేయి పట్టుకుంది, గోళ్ళు దిగబడ్డాయి. పదకొండు. పన్నెండు. తెరలు వెలుగుతూనే ఉన్నాయి. పావుగంట దాటింది. ఇంక అడిగేద్దామని పెద్దాయన వైపు తిరిగితే, ఆయన గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంది. నిద్రపోతున్నాడు! ఆరు మిషన్లు మేలుకుని ఉన్నాయి, చూడ్డానికొచ్చినాయన గుర్రుపెడుతున్నాడు. నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు అందరూ. లేపే ధైర్యం ఎవరికీ లేదు. ముప్పావుగంటకు ఆయనకే మెలకువ వచ్చి, గడియారం చూసుకుని, వెలుగుతున్న తెరలు చూసి, గబగబా కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆయన జీపు కదలడం ఆలస్యం, మా హాలు పైకప్పు లేచిపోయేలా అరిచారు. కింద అంగడివాళ్ళు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. రెడ్డెమ్మ ఆరు మానిటర్లకూ ఒక్కొక్కదానికీ ముద్దు పెట్టింది. నేను వరండాలోకి పరిగెత్తి, "అప్పా, వచ్చింది! పరీక్ష మనకే వచ్చింది!" అన్నాను. ఆయన పంచె దులుపుకుంటూ లేచాడు. "మంచిది తల్లీ. పలమనేరు బస్సుకు టైమైంది" అని మెట్లు దిగిపోయాడు.

పరీక్ష మా హాల్లోనే జరిగింది. పది మంది మొదటిసారే పాసయ్యారు, ఒకమ్మాయి రెండోసారి. రెడ్డెమ్మ ఇప్పుడు వాళ్ళ పాలకేంద్రం మొత్తం తానే నడుపుతుంది. ఆ రోజు చిత్తూరు వద్దన్న అత్త, కోడలి కంప్యూటరు మీద ఎవరైనా చేయి వేస్తే ఊరుకోదు. మా సెంటర్లో అప్పట్నుంచి ప్రతి ఏడూ పరీక్ష జరుగుతూనే ఉంది.

కర్మనాడు పుంగనూరు వెళ్ళాను. మా పదకొండు మందిలో ఏడుగురు వచ్చారు. ఇంటిముందు షామియానా కింద అందరూ తలా ఒక దుమ్ము కథ చెబుతున్నారు. మందులషాపాయన మిషనులో దుమ్మట, ప్రెస్సాయన మిషనులో దుమ్మట. వింటుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్ని ఊళ్ళల్లో ఎంతమంది తప్పులు కడుపులో పెట్టుకుని పోయాడో ఈ మనిషి! మొహం మీద చెబితేనే బాగుపడతారని వాదించిన నా తప్పును కూడా. ఇంక ఉండబట్టలేకపోయాను. నా వాళ్ళను పక్కకు పిలిచాను.

"మీకందరికీ ఒక మాట చెప్పల్ల. ఆ పొద్దు మన మిషన్లలో ఉండింది దుమ్ము గాదు. ఆయుధపూజకు నేను పూసిన పసుపు. చేసింది నేను, తిట్టింది మిమ్మల్ని. ఆయప్ప నా పరువు కాపాడినాడు. మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలీదు."

ఏడుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది!

"మేడం, మీరు కాఫీకి పోయినప్పుడు ఆయప్ప మమ్మల్ని అడిగినాడు, ఈ బిళ్ళల్ని ఎవరన్నా బయటికి తీసినారా అని. పసుపు సంగతి మేమే చెప్పినాము."

"మీరే చెప్పినారా? మరి నేనొచ్చినాక, ఏముందప్పా లోపల అని అడిగింది నువ్వే గదే!"

"అట్ల అడగమని ఆయప్పే చెప్పినాడు. నేను దుమ్మంటాను, మీరందరూ నమ్మినట్టుండండి అన్నాడు. పదకొండు మంది దగ్గరా ఒట్టేయించుకున్నాడు మేడం."

"యాల?"

రెడ్డెమ్మ నవ్వు ఆపింది. "శుక్రవారం ఆ సారు ముందర నిలబడి మాట్లాడాల్సింది మీ మేడమే గదమ్మా, ఆమె తల దించుకుంటే మీకెవరికీ పరీక్ష లేదు అన్నాడు."

నేను అక్కడే, అంతమంది ముందర, తల పైకెత్తుకునే ఏడ్చాను.